కాపురం చక్కదిద్దేవారికీ పరీక్ష

పూర్వం ఆలుమగల మధ్య పొరపొచ్చాలు వస్తే మేనమామో, పెత్తండ్రో ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పేవారు. ఆ పెద్దరికానికి వయసే యోగ్యత. నేడు మన పిల్లలెందరో అమెరికాలో కాపురాలు చేస్తున్నారు. అక్కడ ఈ పని ఒక వృత్తి. దానికి లైసెన్సు కావాలి.

కాలిఫోర్నియా రాష్ట్రం ఇట్టి లైసెన్సును 1963లోనే పెట్టింది. ఇప్పటి నియమాల ప్రకారం అభ్యర్థికి ఎం.ఏ. స్థాయి పట్టా ఉండాలి. పెద్దల పర్యవేక్షణలో 3,000 గంటలు, 104 వారాలకు తగ్గకుండా పని నేర్వాలి. అందులో 500 గంటలైనా దంపతులతో, కుటుంబాలతో, పిల్లలతో గడపాలి. వీటికి తోడు రెండు పరీక్షలు: ఒకటి చట్టమూ వృత్తిధర్మమూ గూర్చి, రెండవది చికిత్స గూర్చి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? ఇంటిగుట్టు పరుల చేతిలో పెడుతున్నాం గదా! మేనమామ నోరు జారితే మందలించడానికి అమ్మమ్మ ఉండేది. పరులు జారితే అడిగే దిక్కెవరు? లైసెన్సు ఉన్నవారిపై బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. దానిని రద్దుచేసే అధికారం బోర్డుకు ఉంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన కాపురం నిలబడుతుందని కాదు, జవాబుదారీ ఉంటుంది. మన దేశంలోనూ క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద నమోదు కావాలి. కనుక “కౌన్సెలర్” అన్న బోర్డు చూసి లోపలికి పోయేముందు, చదువేమిటి, నమోదెక్కడ అని అడగండి. సంబంధం చూసేటప్పుడు ఏడు తరాలు విచారిస్తాం. కాపురం చక్కదిద్దేవారిని గూర్చి రెండు మాటలు విచారిస్తే తప్పా?