పరాన్నభుక్కు – ఒక ఉపమానం

దోపిడీదారుణ్ణి ‘పరాన్నభుక్కు’ అనడం మన కవిత్వంలో పాత అలవాటు. ఊరకే కూర్చుని తినేవాడన్నదే ఆ మాటకు మనమిచ్చే అర్థం. శాస్త్రం ఆ అర్థాన్ని కొంత సవరిస్తున్నది.

మా చిత్తూరు మామిడితోటల్లో బదనికను చూడనివారుండరు. చెట్టు నుంచి నీళ్ళు పీల్చినా, పచ్చని ఆకులున్నందున కొంత ఆహారం తానే వండుకుంటుంది. సముద్రపు వైరస్‌కు ఆకు కాదుగదా, కణమే లేదు. అయినా కిరణజన్య సంయోగక్రియకు చెందిన జన్యువును మోసుకు తిరుగుతుంది. ఎందుకు?

సైనెకోకాకస్, ప్రోక్లోరోకాకస్ అనే సముద్ర బాక్టీరియాలు ఎండతో బతుకుతాయి. వెలుతురును పట్టే వాటి యంత్రంలో డి1 అనే ప్రోటీన్ కీలకం. ఆ వెలుతురే దాన్ని చెడగొడుతుంది. ఎప్పటికప్పుడు కొత్తది తయారు కావాలి. వైరస్ చొరబడ్డాక బాక్టీరియా సొంత జన్యువుల పని సన్నగిల్లుతుంది. డి1 అరిగిపోతే శక్తి వుండదు; శక్తి లేకుంటే వైరస్ సంతతి పెరగదు. అందుకే ఆ జన్యువును వైరస్సే తెస్తుంది. అదీ ఒకనాడు బాక్టీరియాల నుంచి కాజేసినదే!

ఈ జన్యువులు వైరస్‌లో వున్నాయని 2003లో తెలిసింది. కణంలో పనిచేస్తాయని 2005లో రుజువైంది. బాక్టీరియా ఆహార తయారీని అణచే జన్యువు కూడా కొన్నిటిలో వున్నట్టు 2011లో బయటపడింది. అంటే యంత్రం నడుస్తుంది, ఫలితం వైరస్‌కు పోతుంది. చివరకు కణం పగిలి చస్తుంది.

యంత్రానికి మరమ్మతు చేసినంత మాత్రాన అది దయ కాదు. అయితే వైరస్‌కు ఉద్దేశం లేదు. అది ప్రకృతి వరణం. మనిషి దోపిడీకి ఉద్దేశమూ వుంది, చరిత్రా వుంది. కనుకనే దాన్ని మార్చవచ్చు. ఉపమానం వాడే కవి ఈ తేడాను మరువరాదు.