జెలటిను: జీవకణములకు పందిరి

వంటయింటి నిప్పువలన కలుగు కీడు మన స్త్రీలకు క్రొత్తది కాదు. కాలిన గాయము చిన్నదైనచో చర్మము తనంత తానే పూడుకొనును. లోతుగా కాలినచో వైద్యులు రోగి తొడనుండి పలుచని చర్మమును తీసి యచ్చట నతుకుదురు. దేహమున సగమునకు మించి కాలినవారికి, తీసి యతుకుటకు చర్మ మెక్కడిది? ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకునది కణజాల నిర్మాణశాస్త్రము. అమెరికా దేశస్థులగు లాంగర్, వకాంటి యనువారు 1993వ సంవత్సరమున ఒక వ్యాసమునందు దీని స్వరూపమును వివరించిరి.

తీగకు పందిరి యెట్లో, జీవకణములకును పట్టుకొని పెరుగుట కొక యాధార మట్లు కావలెను. ఆ యాధారమునకు తగిన పదార్థములలో జెలటిను ముఖ్యమైనది. జంతువుల చర్మమునందును ఎముకలయందును కొలాజెన్ అను మాంసకృత్తు కలదు. దానిని ఆమ్లముతోగాని క్షారముతోగాని నానబెట్టి, పిదప వేడినీట కాచినచో జెలటిను లభించును. మేకకాళ్ళ పులుసు చల్లారి పేరుకొనుటకు కారణ మిదియే. మనము మ్రింగు క్యాప్సూలు తొడుగులు పెక్కులు దీనితో చేసినవే.

కణములు పట్టుకొనుటకు అనువైన స్థానములు జెలటినునకు కొలాజెన్ నుండియే సంక్రమించినవి. కణములు తమ స్వంత యాధారము నల్లుకొనుచుండగా, దేహమందలి ఎంజైములు ఈ పందిరిని కొంచెము కొంచెముగా తొలగించును. శస్త్రచికిత్సలో రక్తస్రావమును ఆపుటకై లోపల నుంచు జెలటిను స్పంజి సుమారు నాలుగు మొదలు ఆరు వారములలో దేహమున లీనమగును.

ఐనను దీనియందొక లోపము కలదు. చల్లదనమున గడ్డకట్టు జెలటిను, దేహపు వేడిమియగు 37 డిగ్రీలకు కరగిపోవును. కావున పందిరిరాటలను త్రాళ్ళతో బిగించినట్లు, దీని పోగులను రసాయనబంధములతో ముడివేయవలెను. గ్లూటరాల్డిహైడు గట్టిగా బిగించును గాని, మిగిలిపోయినచో కణములకు విషము. గార్డీనియా కాయలనుండి సిద్ధమగు జెనిపిన్ అంతకంటె సౌమ్యము. 2000వ సంవత్సరమున బెల్జియం శాస్త్రజ్ఞులు, కాంతి సోకిన గట్టిపడునట్లు మార్చిన జెలటినును ప్రకటించిరి. నేడు పరిశోధకులు దానిలో జీవకణములను కలిపి, యంత్రముతో పొరలుగా ముద్రించుచున్నారు.

ఇంతమాత్రమున మూత్రపిండమో గుండెయో సిద్ధమైనదని సోదరీమణులు భ్రమపడరాదు. రక్తనాళములు లేనిదే మందమైన కణజాలము లోపలివరకు బ్రతుకదు. ఆ చిక్కు ఇంకను పూర్తిగా వీడలేదు.

మరియొక మాట. ఈ జెలటిను పందినుండి, గోవునుండి, చేపనుండి కూడ వచ్చును. తమ దేహమున చేరునది దేనినుండి వచ్చినదో రోగియు, ఇంటివారును శస్త్రచికిత్సకు ముందే వైద్యుని అడుగవచ్చును. అడుగుట యవిశ్వాసము కాదు. ప్రాణరక్షణమే ప్రధానమని మా తలంపు. ఐనను తెలిసి యంగీకరించుట వేరు, తెలియక పొందుట వేరు. ఆచారము గల యిండ్లలో ఈ ప్రశ్నను ముందుగా అడుగవలసినది ఇల్లాలే.