నాలుగు స్వరాల రాగం

జొన్నరొట్టెకు ఏం కావాలి? పిండి, వేడినీళ్ళు. అంతే. నాగల్‌గిద్ద ఆడవాళ్ళను అడిగితే ఇదే చెబుతారు. మరి రాగం కట్టడానికి ఎన్ని స్వరాలు కావాలి? నాలుగు చాలన్నారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

ఆయన 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేది. బిడ్డ పొత్తిళ్ళలో ఉండగానే ఆమె చనిపోయింది. తండ్రి పట్టాభిరామయ్య పెంచారు. ఎనిమిదేళ్ళకే మురళీకృష్ణ విజయవాడలో కచేరీ చేశారు. అది విని ఒక హరికథ భాగవతారు ఆయన పేరుకు ముందు ‘బాల’ అని చేర్చారు. ముసలితనంలోనూ ఆ పేరే ఉండిపోయింది!

పదహారేళ్ళు వచ్చేసరికి 72 మేళకర్త రాగాల్లోనూ పాటలు కట్టారు. మేళకర్త అంటే తల్లి రాగం. అందులో స, రి, గ, మ, ప, ద, ని ఏడూ ఉంటాయి. మిగతావి పిల్ల రాగాలు. పిల్ల రాగానికైనా ఐదు స్వరాలు ఉండాలని పెద్దల మాట. ఈయన స, గ, ప, ని నాలుగింటితోనే ‘మహతి’ రాగం చేశారు. ‘లవంగి’ కూడా అట్లాగే చేశారు.

‘ఇది రాగమే కాదు’ అని కొందరు పండితులు గొడవపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. కచేరీల్లో పాడి వినిపించారు. 1975లో ‘అపూర్వ రాగంగళ్’ అనే తమిళ సినిమాలో మహతి రాగంతో పాట వచ్చింది. బాలమురళి 2016లో చెన్నైలో కన్నుమూశారు. మహతిని ఇప్పటికీ పాడుతున్నారు.