మీకు తెలుసా? కదలని సైకిల్‌కూ కొలత ఉంది

అయిజ తిక్కవీరేశ్వర స్వామి జాతర బండలాగుడు పోటీల్లో ఎద్దుల రొప్పును ఎవరూ లెక్కపెట్టరు. నిర్ణీత సమయంలో బండ ఎంత దూరం కదిలిందన్నదే లెక్క. ఇంట్లో నిలిపిన సైకిల్ తొక్కేవారికి ఆ దూరమే ఉండదు. అందుకే క్రాంకులో అమర్చిన స్ట్రెయిన్ గేజ్ తొక్కుడు బలాన్ని పసిగడుతుంది. దాన్ని తిరిగే వేగంతో కలిపి లెక్కిస్తే వాట్లు వస్తాయి. జర్మన్ ఇంజనీరు ఉల్రిష్ షోబెరర్ 1986లోనే ఇలాంటి పవర్ మీటరు తయారుచేశాడు. గుండె వేగం చూసుకుంటే చాలదా? చాలదు. గాలాడని గదిలో, అందులోనూ మన ఎండాకాలంలో, అవే 150 వాట్లకు గుండె రానురాను ఎక్కువగా కొట్టుకుంటుంది. అలాగని గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ దండగ కాదు: వాట్లు చెప్పేది జరిగిన పని, గుండె చెప్పేది ఒళ్లు పడ్డ కష్టం. పవర్ మీటరు ఖరీదెక్కువ. ముందు పట్టీ కొనండి, ఎదురుగా ఫ్యాను పెట్టుకోండి.