సున్నములో దాగిన వేడిమి

పండుగకు ముందు ఇంటికి వెల్ల వేయుట మన పెద్దలెరిగిన పని. పూర్వము అంగడినుండి పొడిసున్నపు గడ్డలు తెచ్చి తొట్టిలోని నీటిలో వేసెడివారు. గడ్డ చల్లనిది, నీరును చల్లనిదే. అయినను రెండును కలిసిన కొంతసేపటికి నీరు కుతకుత నుడికి ఆవిరులు లేచెడివి. తొట్టి క్రింద కట్టె లేదు, నిప్పు లేదు. మరి ఆ వేడిమి ఎచటినుండి వచ్చినది? దీనికి సమాధానము తెలిసినచో, పై తరగతులలో మన విద్యార్థులను జంకించు ‘ఎంథాల్పి’ యను మాట సగము తెలిసినట్లే.

మొదట సున్నము పుట్టుకను చూతము. తిరువళ్ళూరు జిల్లాకు ఉత్తరపు కొసను పులికాటు సరస్సు కలదు. తెలుగువారు దానిని ప్రళయకావేరి యనియు, తమిళులు పళవేర్కాడు అనియు పిలుతురు. ఆ సరస్సునుండి గుల్లలను తీసి, బట్టీలలో కాల్చి, గుల్లసున్నము చేసెడివారు. గుల్లసున్నముతో మెరుగు పెట్టిన చెన్నపట్టణపు గోడలు చలువరాతివలె నిగనిగలాడుట చూచి పూర్వము ఐరోపావారు మెచ్చుకొనిరి. గుల్లయైనను సున్నపురాయియైనను అందు ముఖ్యముగా నుండునది కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెడలిపోయి పొడిసున్నము మిగులును. 100 గ్రాముల కార్బొనేటునుండి 56 గ్రాముల పొడిసున్నము లభించును. ఈ మార్పునకు సుమారు 178 కిలోజౌళ్ల ఉష్ణము కావలెను. ఇట్లు ఉష్ణమును పుచ్చుకొని జరుగు చర్యను ఉష్ణగ్రాహక చర్య యందురు.

బట్టీనుండి తీసిన సున్నము చల్లారును. కాని చల్లారినంత మాత్రమున ఆ 178 కిలోజౌళ్లు నశించినవని తలపరాదు. అవి వేడిమి రూపమున గాక, పొడిసున్నము, బొగ్గుపులుసు వాయువు అను రెండు పదార్థముల అంతశ్శక్తిగా నిలిచియున్నవి. శక్తి రూపము మార్చుకొనునే గాని నశింపదు.

ఇప్పుడు తొట్టి యొద్దకు వత్తము. 56 గ్రాముల పొడిసున్నము 18 గ్రాముల నీటితో కలిసి తడిసున్నమగునపుడు సుమారు 65 కిలోజౌళ్ల ఉష్ణము వెలువడును. ఇది ఉష్ణమోచక చర్య. ఈ లెక్కన ఒక కిలో పొడిసున్నమునుండి వెలువడు ఉష్ణమంతయు నీటికే చేరినచో, 30 డిగ్రీల వద్దనున్న సుమారు 4 కిలోల నీటిని మరుగుదనుక కాచవచ్చును. తొట్టిలో నీరు ఉడుకుట వింత కాదు. బట్టీలో పెట్టిన కట్టెల వేడిమిలో కొంత భాగమే తిరిగి వచ్చినది.

ఇక ఎంథాల్పి యనగా నేమి? మనచుట్టును గాలి పీడనము ఇంచుమించు మారక యుండును. అట్టి స్థిరమైన పీడనమున చర్య జరిగినపుడు పదార్థములు పుచ్చుకొన్న లేక విడిచిన ఉష్ణమే ఎంథాల్పి మార్పు. ఈ పేరును డచ్చి శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఆన్నెస్ పెట్టినట్లు చెప్పుదురు. లెక్కను ఎల్లప్పుడును పదార్థముల పక్షమున వ్రాయవలెను. అవి ఉష్ణమును పుచ్చుకొన్నచో ధన గుర్తు, విడిచినచో ఋణ గుర్తు. తొట్టి మన చేతికి వేడిగా తగిలినను, ఆ చర్యకు మైనస్ 65 అని వ్రాయుటకు కారణమిదే: సున్నమును నీరును కోల్పోయిన శక్తి పరిసరములకు చేరినది. ఋణ గుర్తును చూచి ‘చల్లదనము’ అని వ్రాయు విద్యార్థులు పెక్కుమంది; దీనిని చక్కగ గుర్తుంచుకొనుడు.

చర్యకు ముందున్న బంధములను త్రెంచుటకు శక్తి కావలెను. క్రొత్త బంధములు ఏర్పడునపుడు శక్తి వెలువడును. ఖర్చు ఎక్కువైనచో చర్య ఉష్ణగ్రాహకము. రాబడి ఎక్కువైనచో ఉష్ణమోచకము. ఇంతకు మించి ఇందు రహస్యము లేదు.

కథ ఇంకను ముగియలేదు. గోడకు పూసిన తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చి, నీటిని విడిచి, తిరిగి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడును. అపుడు సుమారు 113 కిలోజౌళ్లు వెలువడును. తొట్టిలో వెలువడిన దానికన్న ఇది హెచ్చు! అయినను గోడపై చేయి పెట్టిన వేడి తెలియదు. ఏలయన ఈ చర్య బహుదినములు సాగును, వెలువడిన వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోవును. ఉష్ణము ఎంత అనునది వేరు, ఎంత వేగముగా వచ్చునది వేరు.

65, 113 కూడి చూడుడు: 178! బట్టీలో పెట్టిన అప్పు రెండు వాయిదాలలో చెల్లినది. బయలుదేరిన పదార్థము, చేరిన పదార్థము ఒక్కటే యైనచో, నడుమ ఎన్ని మెట్లున్నను మొత్తపు ఉష్ణము మారదను ఈ నియమమును 1840లో హెస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ప్రయోగశాలలో కొలువ వీలుకాని ఎన్నో చర్యల ఉష్ణమును ఈ నియమముతోనే లెక్కగట్టుదురు.

ఇట్టి ఉదాహరణలు మన అంబత్తూరులోనే చూడవచ్చును. క్రొత్త ఇంటికి మందమైన కాంక్రీటు పోసిన పిమ్మట అది వెచ్చబడును. సిమెంటు నీటితో కలియుట ఉష్ణమోచకము. పొయ్యిలో గ్యాసు మండుటయు అట్టిదే. పాత్రలకు కళాయి వేయువారు వాడు నవాసాగరమును గ్లాసెడు నీటిలో కరగించినచో గ్లాసు చల్లబడును. ఆ కరగుట ఉష్ణగ్రాహకము.

తల్లిదండ్రులకు ఒక మాట. తెలుగున శాస్త్రము చదివిన బిడ్డ కళాశాలలో తబ్బిబ్బగునేమో యని మీరు భయపడుట సహజము. మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందినపుడు నేర్చిన ‘ఉష్ణమోచకము’ అను మాటలో వేడిని విడుచునదను అర్థము స్పష్టముగా నున్నది. తమిళమున ‘వెప్ప ఉమిళ్ వినై’ అన్నను, ఇంగ్లీషున ‘ఎక్సోథర్మిక్’ అన్నను అదియే. విషయము ఇంటి భాషలో మనస్సున నాటుకొన్న పిమ్మట తక్కిన రెండు పేర్లు నేర్చుట కష్టము కాదు. మూడు పేర్లను ఒక్క వరుసన వ్రాసికొనుట మన పిల్లలకు అలవాటు కావలెను.

చివరగా ఒక హెచ్చరిక. తొట్టిలో ముందు సమృద్ధిగా నీరు పోసి, గడ్డలను కొద్దికొద్దిగా పెద్దలే వేయవలెను. గడ్డలపై కొంచెము నీరు చల్లరాదు, అవి పగిలి మీదికి చిమ్మును. తాంబూలపు సున్నపు పొట్లములను పిల్లలు పిసుకుచు ఆడుటయు ప్రమాదమే. ఆ సున్నము చల్లనిదైనను దాని క్షారగుణము కంటిని కాల్చివేయును. కంట సున్నము పడినచో నులుమక, వెంటనే రెప్పలు తెరచి 20 నిమిషములకు తక్కువగాకుండ మంచినీటితో ధారగా కడిగి, ఆలస్యము చేయక కంటి వైద్యునియొద్దకు కొనిపోవలెను. చదివిన చదువు ఒక్క బిడ్డ కన్నును కాపాడినను, అది పరీక్షలో వచ్చు మార్కులకన్న మిన్న.