అమ్మానాన్నల తగవులో పసిమనసు నలగకూడదు

పిల్లల డాక్టరు దగ్గరికి తరచుగా వచ్చే బాధల్లో కడుపునొప్పి ఒకటి. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగ్ అన్నీ చేయించినా కొందరిలో ఏ లోపమూ కనబడదు. "రిపోర్టులన్నీ బాగున్నాయంటున్నారు, మరి వీడికి నొప్పెందుకు? బడి ఎగ్గొట్టడానికి వేషాలా?" అని వెంట వచ్చిన అమ్మమ్మో మేనమామో అడుగుతారు. నిదానంగా మాట్లాడితే కొన్నిసార్లు అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో నెలల తరబడి భార్యాభర్తల మధ్య గొడవ. ఇప్పుడు తల్లి పుట్టింట్లో ఉంది. కోర్టులో కేసు నడుస్తోంది.

ఆ బిడ్డ నటించడం లేదు. ఆ నొప్పి నిజమైనదే. మీ ఇంట్లోనూ ఇలాంటి పరిస్థితి ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే.

మనసు బాధ ఒంట్లోకి ఎలా వస్తుంది?

భయం కలిగినప్పుడు మన శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కడుపులో తిప్పుతుంది. భయం పోగానే శరీరం మామూలు స్థితికి వస్తుంది. కాని రోజూ కేకలు, ఏడుపులు, బెదిరింపులు వింటున్న పిల్లల శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. అందుకే నిద్ర పట్టదు, ఆకలి వేయదు, చదివింది గుర్తుండదు.

అమ్మానాన్నలు విడిపోవడం ఏ బిడ్డకైనా బాధే. అయితే ఎక్కువ హాని చేసేది ఆగకుండా సాగే తగవు, అందులోకి బిడ్డను లాగడం. విడిపోవాలా వద్దా అన్నది పెద్దల విషయం. బిడ్డను మధ్యలోకి లాగకుండా ఉండడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

వయసును బట్టి లక్షణాలు

ఐదేళ్ళలోపు పిల్లలు మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడతారు. వేలు చీకుతారు. తల్లి కొంగు వదలరు.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు "నేను అల్లరి చేసినందుకే నాన్న వెళ్ళిపోయాడు" అని తమను తామే నిందించుకుంటారు. తలనొప్పి, కడుపునొప్పి అంటారు. మార్కులు తగ్గుతాయి.

పెద్ద పిల్లలు కోపంగా ఉంటారు, లేదా మాటలు తగ్గించేస్తారు. కొందరు మరీ బుద్ధిమంతులైపోయి తల్లిని ఓదారుస్తూ పెద్దరికం మీద వేసుకుంటారు. "మా పిల్ల బంగారం, ఏ గొడవా లేదు" అని మనం మురిసిపోతాం. కాని అదీ భారమే.

ఇవి చేయకండి

• "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" అని అడగకండి. చుట్టాలు సరదాకి అడిగినా ఆపించండి.
• "అచ్చం మీ నాన్న బుద్ధే వచ్చింది" అనకండి. నాన్న చెడ్డవాడైతే తానూ చెడ్డవాడినేనని బిడ్డ అనుకుంటాడు.
• "డబ్బు పంపమని మీ అమ్మతో చెప్పు" వంటి కబుర్లు బిడ్డ చేత మోయించకండి.
• పెద్దమనుషుల పంచాయితీలో, ఫోనులో, బిడ్డ వింటుండగా కేసు సంగతులు మాట్లాడకండి. నిద్రపోతున్నాడనుకుంటాం, కాని వింటూ ఉంటాడు.

ఇవి చేయండి

• "ఇది నీ తప్పు కాదు. నిన్ను చూసుకోవడానికి మేమున్నాం" అని పదేపదే చెప్పండి. ఒక్కసారి చెబితే చాలదు.
• "మళ్ళీ కలిసిపోతారులే" వంటి మీ చేతుల్లో లేని మాట ఇవ్వకండి. "అది మాకూ తెలియదు, రేపు బడికి మాత్రం తాతయ్య తీసుకెళ్తాడు" అని తెలిసినంత చెప్పండి.
• భోజనం, నిద్ర, బడి, ఆట వేళలు మార్చకండి. రేపు ఏం జరుగుతుందో తెలిసిన బిడ్డకు భయం తగ్గుతుంది.
• క్లాసు టీచరుకు క్లుప్తంగా చెప్పి ఉంచండి.
• నమ్మకంగా మాట్లాడుకోవడానికి ఒక్క పెద్దమనిషి ఉన్నా బిడ్డ తట్టుకోగలడు. అది అమ్మమ్మ కావచ్చు, బాబాయి కావచ్చు. ఆ మనిషి ఏ పక్షమూ వహించకూడదు.

తండ్రి దగ్గరికో తల్లి దగ్గరికో వెళ్ళి వచ్చిన రోజు బిడ్డ చిరాకుగా ఉండవచ్చు. అంతమాత్రాన అక్కడ ఏదో జరిగిందని అనుకోనక్కర లేదు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారడమే కష్టం. "అక్కడ ఏమన్నారు?" అని ఆరా తీయకుండా, అన్నం పెట్టి కాసేపు వదిలేయండి.

కోర్టు ఏం చూస్తుంది?

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో కోర్టు ముఖ్యంగా చూసేది బిడ్డ క్షేమమే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, ఆలోచించి చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని కూడా జడ్జి పరిగణించవచ్చు. కాబట్టి ఏం చెప్పాలో బిడ్డకు నేర్పి పంపకండి. ఆ భారం ఏళ్ళ తరబడి మోస్తాడు.

కొట్టడం ఉన్న ఇంట్లో

"సర్దుకుపోండి" అనే సలహా ఇక్కడ పనికిరాదు. ముందు భద్రత. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. కలవడం వల్ల బిడ్డకు హాని ఉంటే దాన్ని ఆపవచ్చు. తనను ఎవరైనా బాధించారని బిడ్డ చెబితే గుచ్చి గుచ్చి అడగకండి. "చెప్పి మంచి పని చేశావు" అని దగ్గరికి తీసుకోండి. 1098కి ఫోన్ చేయండి. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

నొప్పి రాత్రిపూట నిద్ర లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం ఉన్నా అది మనసు బాధేనని వదిలేయకుండా వెంటనే చూపించండి. బడికి వెళ్ళనంటున్నా, దిగులు రెండు వారాలు దాటినా పిల్లల మానసిక వైద్యుల సలహా తీసుకోండి. "చచ్చిపోతాను" అన్న మాటను ఎప్పుడూ తేలికగా తీసుకోకండి. బిడ్డను ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఇది మీకు కూడా. తల్లికి, తండ్రికి నిద్ర లేకపోతే బిడ్డను ఓదార్చే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

కేసు ఎప్పుడు తేలుతుందో మన చేతుల్లో లేదు. కాని ఈ రాత్రి బిడ్డ పక్కన కూర్చుని "ఇది నీ తప్పు కాదు నాన్నా" అని చెప్పడం మన చేతుల్లోనే ఉంది. ఆ మందు ఈరోజే మొదలుపెట్టండి.