రాకాసులు కట్టలేదు, పాండవులు గీయలేదు!

మాది ఓరుగల్లు. ఊరి పేరులోనే రాయి ఉంది కాబట్టేమో, నాకు పాత రాళ్ల పిచ్చి పట్టుకుంది. అంటువ్యాధి లాంటిది ఇది. జాగ్రత్తగా చదవండి!

మీకు తెలుసా? ఓరుగల్లు అంటే ఒంటిరాయి, ఏకశిల. ఈ చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మన మనుషుల జాతి వయసు? దాదాపు 3 లక్షల ఏళ్లు. ఆ రాయి ముందు మనం ఇంకా పొత్తిళ్లలో బిడ్డలమే!

మీకు తెలుసా? ఆ 3 లక్షల ఏళ్లను ఒక్క రోజుకు కుదిస్తే, 1163 నాటి మన వేయి స్తంభాల గుడి లేచింది రాత్రి 11 గంటల 56 నిమిషాలకు. దాన్ని పట్టుకుని మనం ‘అతి ప్రాచీనం’ అంటాం. సున్నం ఇంకా ఆరనేలేదు!

మీకు తెలుసా? వరంగల్ నుంచి భూపాలపల్లి దారిలో, రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది. హిమాలయాలు దీనికి తమ్ముళ్లే, అంత పాత ఇసుకరాయి! దాని గుహల్లో జింకలు, అడవిదున్నలు, పులులు, విల్లంబులు బొమ్మలై ఉన్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు... నాలుగు రంగులు. అవి లోకం దృష్టికి వచ్చింది 1990లో. వేల ఏళ్లు నడిచిన ప్రదర్శనకు ప్రారంభోత్సవం మాత్రం మొన్ననే!

మీకు తెలుసా? ఆ గుట్ట గుహల్లో ఒకటి గొంతెమ్మ గుహ. గొంతెమ్మ అంటే కుంతీదేవి. ‘గొంతెమ్మ కోరికలు’ విన్నారు కదా, ఆవిడే! పాండవుల అరణ్యవాసం 12 ఏళ్లు. మరి తెలుగునాట వాళ్లు తలదాచుకోని గుట్ట ఒక్కటి చూపించండి? రోజుకో ఇల్లు మారినట్టున్నారు పాపం!

మీకు తెలుసా? మేడారం జాతర జరిగే తాడ్వాయి మండలంలోనే దామరవాయి ఉంది. అక్కడ అడవిలో వందకు పైగా రాతి సమాధులు. నాలుగు పక్కలా నిలబెట్టిన బండలు, మీద మూతలా ఒక పెద్ద బండ. జనం పెట్టిన పేరు రాకాసి గుళ్లు. క్రేన్ లేదు, సిమెంటు లేదు, కాంట్రాక్టరు లేడు. అయినా నిలిచాయి. లేదా... అందుకే నిలిచాయేమో!

మీకు తెలుసా? భద్రాద్రి జిల్లా జానంపేట రాకాసి గుళ్లలోకి తొంగి చూస్తే రాతి తొట్టి కనిపిస్తుంది. ఒకే రాయిని తొలిచి చేసింది. అచ్చం పశువుల కొట్టంలో కుడితి తొట్టిలా ఉంటుంది. కానీ అది చనిపోయినవాళ్ల కోసం. బతికుండగా గుడిసె, పోయాక రాతి మేడ!

మీకు తెలుసా? 1872లో జేమ్స్ ఫెర్గూసన్ అనే దొర ప్రపంచంలోని పాత రాతి కట్టడాల మీద లావుపాటి పుస్తకం వేశాడు. అందులో మన కాటాపూర్ అడవిలోని రాతి శిలువ బొమ్మ కూడా ఉంది. ఇది క్రైస్తవుల పనే అనుకున్నాడాయన. తర్వాతి పరిశోధకులు చూసి, చేతులు చాపిన మనిషి రూపాలివి అన్నారు. దొంగతోగు అనే చోట ఇలాంటి వాటికి స్త్రీ రూపమే చెక్కారు. దొరగారు శిలువ అనుకుని దణ్ణం పెట్టింది ఏ ముత్తవ్వకో!

మీకు తెలుసా? కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలతో సప్తర్షి మండలం చెక్కి ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. శాపం తగిలి రాళ్లైన మనుషులు అంటారు ఊళ్లోవాళ్లు. శాపమే అయితే, వరుసలో నిలబడమని కూడా శపించారన్నమాట!

మీకు తెలుసా? పాలమూరు వైపు ఉట్నూరులో ఓ బూడిద దిబ్బ ఉండేది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే తేలిందేమిటి? పేడ! నాలుగైదు వేల ఏళ్ల కిందటి పశువుల దొడ్లలో పేరుకుని, మళ్లీ మళ్లీ తగలబడిన పేడ. బూడిదలో గిట్టల గుర్తులు కూడా దొరికాయి. ఆ ఆవు పేరొక్కటే తెలియలేదు!

మీకు తెలుసా? సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పడింది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, అవీ ఒకే తీరువి. లోకం మసకబారినా మనవాళ్లు పని మానలేదు. ఇంతకీ ఈ కాలంలో ఆ బూడిదను తవ్వి ఏం చేశారనుకున్నారు? తోముడు పొడిలో కలిపారు. అగ్నిపర్వతంతో అంట్లు!

మీకు తెలుసా? స్పెయిన్‌లో ఆల్టమీరా గుహ బొమ్మలను 1879లో మొదట చూసింది ఎనిమిదేళ్ల పాప. తండ్రి లోకానికి చెబితే పండితులు ‘దొంగబొమ్మలు’ అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి 1902 దాకా పట్టింది. పాపకు ఒక్క చూపు, పండితులకు 23 ఏళ్లు! ఇంకో సంగతి... మన దేశంలోనే మీర్జాపూర్ కొండల్లో కార్లైల్ అనే దొర ఇలాంటి బొమ్మలను 1867–68లోనే చూశాడు. అంటే పాప కంటే ముందే!

ఆఖరి ప్రశ్న. పాండవుల గుట్ట మీద ఆ ఎరుపు ఎక్కడిది? మీ ఇంట్లోనే ఉంది చూడండి. పండగనాడు గడపకు, అరుగుకు పూసే జాజు! ఇనుము కలిసిన ఎర్రమట్టి. గుహల్లో గీసినవాళ్ల చేతికి అంటింది కూడా ఇలాంటి మట్టే. మొన్న మా ఇంటి గోడకు వేయించిన ఖరీదైన రంగు రెండు వానలకే పొలుసులు లేచింది. గ్యారంటీ కాగితం తీసి చూశాను... అందులో వానకు మినహాయింపట!